పంటి గారకు తవ్వకం పర్మిట్

తెల్లరాయిపాడు ప్రభుత్వ ఆసుపత్రిలో పళ్ళ డాక్టరుగా పనిచేసే మృణాళిని చేసిన తప్పు ఒక్కటే. ఆమె తెలుగులో రాసింది.

ఆ ఏడాది పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది. ఇకమీదట ఏ ఆఫీసు కాగితం మీదా ఒక్క ఇంగ్లీషు ముక్క కనపడకూడదు. కనపడితే, రాసినవారిని జిల్లా కేంద్రంలో మూడు వారాల భాషా శిక్షణకు పంపుతారు. శిక్షణ అంటే మరేం లేదు, ఛందస్సు. గణవిభజన కుదరక ఒక ఎముకల డాక్టరు రెండు నెలలుగా అక్కడే ఉండిపోయాడని, చేతులు విరిగిన రోగులు అక్కడికే వెళ్ళి కట్లు కట్టించుకుంటున్నారని చెప్పుకునేవారు. దాంతో ఆసుపత్రి సిబ్బంది అందరూ ఒక్కపూటలో పండితులైపోయారు. ఎక్స్‌రే గదికి 'అంతర్దర్శన మందిరం' అని బోర్డు కట్టారు. ఇద్దరు ముసలమ్మలు చెప్పులు బయట విడిచి, తలుపుకు దణ్ణం పెట్టి లోపలికి వెళ్ళారు.

మృణాళినికి అంత సంస్కృతం రాదు. నెల నెలా పంపే నివేదికలో 'స్కేలింగ్' అనే మాటకు బదులు ఏం రాయాలా అని కాసేపు పెన్ను కొరికి, వాళ్ళ నాయనమ్మ వాడే మాట గుర్తొచ్చి సంతోషంగా రాసేసింది: 'గార తీత: 412 మందికి.' పళ్ళకు పట్టే పసుపుపచ్చటి పెచ్చును ఊళ్ళో ఎవరైనా గార అనే అంటారు. ఇందులో అర్థం కానిదేముంది అనుకుంది పాపం.

ఆ నివేదికలన్నీ వెళ్ళేది ఒకే కంప్యూటరుకి. ఆ కంప్యూటరుకి పళ్ళు లేవు. దానికి తెలిసిన గార ఒక్కటే, సున్నమూ ఇసుకా కలిపి నూరి గోడలకు పూసే గార. కాబట్టి ఆ కాగితాన్ని తిన్నగా 'రాయి, మన్ను, గార వనరుల శాఖ'కు పంపింది. ఆ శాఖలో రాయి విభాగం, మన్ను విభాగం తీరిక లేకుండా ఉండేవి. గార విభాగం మాత్రం ఇరవై ఏళ్ళుగా ఖాళీగా కూర్చుంది. ఎవరూ ఎక్కడా గార తవ్వుతూ పట్టుబడలేదు. అది తవ్వితే దొరికేది కాదు, నూరితే తయారయ్యేది అన్న సంగతి ఆ శాఖలో ఎవరికీ తట్టకపోవడమే ఇందుకు కారణం. అలాంటిది ఒక్క నెలలో, ఒక్క ఊళ్ళో, 412 చోట్ల తవ్వకం!

నాలుగో రోజున ఆసుపత్రి ముందు జీపు ఆగింది. అందులోంచి గార విభాగం అధికారి పరాంకుశం గారు దిగారు. చేతిలో తాళ్ళు, లక్క, సీలు పట్టుకుని గుమాస్తా వెనక నడిచాడు.

"ఇక్కడ గార తీస్తున్నది ఎవరు?"

"నేనేనండీ. రండి, కూర్చోండి. నోరు తెరవండి," అంది మృణాళిని చేతి తొడుగులు వేసుకుంటూ.

"నోరు తెరవాల్సింది మీరు. 412 తవ్వకాలకూ అనుమతి పత్రాలేవి?"

ఆమె నవ్వింది. ఇది పంటి గార అని, గోడ గార కాదని చెప్పింది. పరాంకుశం గారు నవ్వలేదు. "గార ఎక్కడుంటే అక్కడ మా శాఖ ఉంటుంది. గోడా, పన్నా అన్న భేదం నిబంధనల్లో లేదు. ఇంతకీ ఇది ఏర్పడే విధానం ఎట్టిది?" అని అడిగారు.

మృణాళినికి ఒక బలహీనత ఉంది. ఎవరైనా అడిగితే పూర్తిగా, సరిగ్గా చెప్పకుండా ఉండలేదు. "మన ఉమ్మిలో సున్నం, భాస్వరం లాంటి ఖనిజాలు ఉంటాయండీ. తిండి వల్ల పన్ను కాస్త కరిగితే ఆ ఖనిజాలతోనే ఉమ్మి దాన్ని మరమ్మతు చేస్తుంది. అవి ఊరికే గడ్డకట్టకుండా ఉమ్మిలోనే కొన్ని మాంసకృత్తులు కాపలా కాస్తుంటాయి. కానీ పళ్ళ మీద పాచి మందంగా పేరుకుంటే, ఆ పాచిలోకి ఖనిజాలు దిగి గట్టిపడతాయి. అదే గార," అంది.

పరాంకుశం గారు గుమాస్తా వైపు తిరిగారు. "రాసుకో. ఖనిజాలు అని వారే సెలవిచ్చారు. పేరుకొనుట. గట్టిపడుట. అనగా నిక్షేపం. ఒప్పుకోలు వాంగ్మూలం అని పైన శీర్షిక పెట్టు."

అరగంటలో పళ్ళు శుభ్రం చేసే యంత్రానికి గుడ్డ చుట్టి సీలు వేశారు. జాబితాలో దాన్ని 'తవ్వకపు యంత్రం, నీటి సరఫరాతో సహా' అని రాశారు. చేతితో గార గీకే సన్నటి పరికరాలను 'చిన్న పలుగులు, ఏడు' అని రాసి జప్తు చేశారు. ముప్పై ఏళ్ళుగా ఆ గదిలో పనిచేస్తున్న అటెండరు ఏసుపాదం ఉండబట్టలేక, "అయ్యా, ఆ పలుగుల్తో గోట్లో మట్టి కూడా రాదండీ," అన్నాడు. అతని మాటను 'విధులకు ఆటంకం' కింద నమోదు చేసుకున్నారు.

మృణాళిని సూపరింటెండెంటు త్రివిక్రమరావు గారి దగ్గరకు పరుగెత్తింది. 'గార' కొట్టేసి మళ్ళీ 'స్కేలింగ్' అని రాసి పంపుతానంది.

"అలా చేస్తే నువ్వు ఛందస్సుకు పోతావు గానీ గార పోదమ్మా. కంప్యూటర్లో పట్టిన గార బ్రహ్మదేవుడు గీకినా రాదు," అన్నాడాయన. "నువ్వే ఏదో ఒక అనుమతి తెచ్చుకో. నేను చర్మం డాక్టర్ని. పైపైన చూడటమే నాకు అలవాటు."

ఆ మర్నాడే షేక్ జాన్‌పీరా సాహెబ్ వచ్చాడు. ఆయనకు అరవై నాలుగేళ్ళు. నలభై ఏళ్ళుగా ఊరి రామాలయంలో నాదస్వరం ఆయనదే. శ్రీరామనవమి కల్యాణంలో సాహెబ్ గట్టిమేళం అందుకుంటేనే పంతులు గారు మంగళసూత్రం పైకెత్తి చూపిస్తాడు. రాముడైనా సాహెబ్ కోసం ఆగవలసిందేనని ఊళ్ళో వేళాకోళంగా అనుకునేవారు.

"డాట్రమ్మా, సన్నాయి పీక నోట్లో పెట్టుకుంటే కింద పళ్ళు నాలుగూ ఊగుతన్నయ్యి. చిగుళ్ళల్లో నెత్తురు వత్తంది. గట్టిగా ఊదితే సుతి జారిపోతంది," అన్నాడు.

ఆమె చూసింది. కింది ముందుపళ్ళు నాలుగింటి చుట్టూ గార గోడలా కట్టి, చిగుళ్ళను కిందికి తోసేసింది. నాదస్వరం ఊదే పెదవికి ఆ నాలుగు పళ్ళే ఆనిక. ఆ రోజే గార తీసేస్తే రెండు మూడు వారాల్లో చిగురు బిగుసుకుని పళ్ళు నిలబడతాయి. ఆలస్యం చేస్తే లోపలి ఎముక కరిగిపోయి ఒక్కొక్కటే రాలిపోతాయి. నవమికి ఇంకా పది వారాలుంది. ఆమె సీలు వేసిన యంత్రం వైపు చూసింది. చిన్నపిల్లలా ఏడవాలనిపించింది.

"సాయిబు గారూ, ఇక్కడ కుదరదు. పక్క జిల్లాకు వెళ్ళండి. ఇవ్వాళే వెళ్ళండి," అంది.

పాపం ఆయన వెళ్ళాడు. జిల్లా సరిహద్దు చెక్‌పోస్టులో బస్సు ఆపి, అందరినీ దింపి నోళ్ళు తెరిపించారు. అప్పటికే శాఖ అన్ని చెక్‌పోస్టులకూ కబురు పెట్టింది. సాహెబ్ నోట్లో టార్చి వేసి చూసినవాడు, "నాలుగు పళ్ళ మీద సరుకుంది. వే బిల్లేది?" అన్నాడు. వే బిల్లు లేదు. సాహెబ్‌ను వెనక్కి వచ్చే బస్సు ఎక్కించారు. నోరు మూసుకుని కూర్చోమని దారి పొడవునా కండక్టరు జాగ్రత్తలు చెప్పాడు.

ఇక దరఖాస్తు పెట్టడం తప్ప దారి లేకపోయింది. మృణాళిని సాహెబ్ పేరు మీద తవ్వకం పర్మిట్ ఫారం నింపింది. హద్దులు అడిగారు కాబట్టి రాసింది: తూర్పు కుడి చెంప, పడమర ఎడమ చెంప, ఉత్తరం పెదవి, దక్షిణం నాలుక. వారం తర్వాత ఆ ఫారం వెనక్కి వచ్చింది. దరఖాస్తుదారు తల తిప్పినప్పుడల్లా హద్దులు మారిపోతున్నట్లు సర్వేయరు గమనించాడట. విచారణ ముగిసే వరకు జాన్‌పీరా సాహెబ్ ఉత్తరం వైపే చూస్తానని హామీ పత్రం రాసిచ్చాడు. ఆయన ఇల్లు పడమటి ముఖం. ఇంట్లోంచి బయటికి రావాలంటే ఆయన పక్కవాటుగా నడిచి రావలసి వచ్చేది.

పందొమ్మిదో గడి దగ్గర మృణాళిని మళ్ళీ నిజం రాసింది. 'ప్రతిపాదిత స్థలంలో నివాసాలు ఉన్నవా?' అని ఉంది. 'ఉన్నవి. కోట్లలో' అని రాసింది. పాచిలో ఉండే సూక్ష్మజీవులు ఆమె మనసులో ఉన్నాయి. ఆ మాట చదివిన పరాంకుశం గారు హడలిపోయి, దస్త్రాన్ని పునరావాస విభాగానికి పంపారు. నవమికి ఆరు వారాలుంది.

పునరావాస విభాగం అధికారిణి ఇందుముఖి గారు మంచి మనిషి. ఎవరైనా ఇల్లు కోల్పోతారంటే ఆమెకు కళ్ళు చెమరుస్తాయి. ఆమె మృణాళినిని పిలిపించి, కాఫీ తెప్పించి, "కోట్లమందినా! వాళ్ళకు నోటీసులు ఇచ్చారా?" అని అడిగింది.

"వాళ్ళు మనుషులు కాదండీ. సూక్ష్మజీవులు."

"సూక్ష్మమా, చిన్నా, మధ్యతరహానా? సరిగ్గా చెప్పండి. పథకాలు వేరు వేరుగా ఉంటాయి. ఏం పనిచేస్తుంటారు?"

"తీపి తిని పులుపు తయారుచేస్తాయి. ఆ పులుపుకు పన్ను కరుగుతుంది."

'కుటీర పరిశ్రమ' అని ఇందుముఖి గారు రాసుకుంది. "ఆ స్థలంలోకి ఎలా వచ్చారు? ఆక్రమించుకున్నారా?"

మృణాళిని ఊరుకోవలసింది. కానీ ఊరుకోలేకపోయింది. "పళ్ళు తోముకున్న కాసేపటికే ఉమ్మిలోని మాంసకృత్తులు పంటి మీద పల్చటి పొరలా పరుచుకుంటాయండీ. పంటిని కాపాడటానికే. కానీ కొన్ని సూక్ష్మజీవులు ఆ మాంసకృత్తుల్ని గుర్తుపట్టి, వాటినే పట్టుకుని అక్కడ అంటుకుంటాయి. వాటిని పట్టుకుని ఇంకొన్ని వస్తాయి. అలా పాచి పెరుగుతుంది."

"అంటే ఉమ్మే స్వయంగా స్థలం చదును చేసి చోటిచ్చింది. ఇది ఆక్రమణ కాదు. కేటాయింపు."

"అయ్యో, అదే ఉమ్మిలో వాటిని చంపే మాంసకృత్తులు కూడా ఉంటాయండీ! ఒకటి వాటి గోడలు పగలగొడుతుంది. ఇంకొకటి వాటికి ఇనుము అందకుండా చేస్తుంది."

ఇందుముఖి గారి పెన్ను ఆగిపోయింది. "ఒకే కార్యాలయంలో ఒకరు చోటిస్తారు, ఒకరు గోడలు కూలుస్తారు, ఇంకొకరు సరుకులు ఆపేస్తారు," అని ఆమె ఆలోచించి, తల పంకించింది. "ఇందులో అసహజమేమీ లేదు. మా దగ్గరా అంతే. ప్రజాభిప్రాయ సేకరణ జరిపించండి."

అది జరిగేసరికి మరో మూడు వారాలు పట్టింది. ఆసుపత్రి ఆవరణలో షామియానా వేశారు. వేదిక మధ్యలో సాహెబ్‌ను ఉత్తరముఖంగా కూర్చోబెట్టి, నోరు తెరిపించి, నోటి ముందు మైకు పెట్టారు. పరాంకుశం గారు నిలబడి, "కింది దవడ ముందుభాగ నివాసులకు తెలియజేయడమైనది ఏమనగా, ప్రతిపాదిత తవ్వకంపై తమ అభ్యంతరాలు ఏవైనా ఉన్నచో ఇప్పుడు వెల్లడించవచ్చును," అని మూడుసార్లు చదివారు. జనం ఊపిరి బిగబట్టి విన్నారు. సాహెబ్ గొంతులో గురగుర తప్ప మైకులో ఏమీ రాలేదు.

"వాళ్ళు భయపడుతున్నారేమో," అంటూ ఇందుముఖి గారు దగ్గరగా వంగి, చప్పున వెనక్కి జరిగి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ వాసనను 'స్థానికుల నుంచి తీవ్ర నిరసన' అని నమోదు చేశారు.

గంట గడిచింది. మృణాళిని చూస్తూనే ఉంది. నోరు తెరిచి ఉంచితే ఉమ్మి ఎండిపోతుంది. ఉమ్మి ఎండితే దాని కాపలా కూడా ఎండిపోతుంది. ఆమె నాలుగుసార్లు లేచింది, నాలుగుసార్లూ 'కూర్చోండి, మీకు సమయం ఇస్తాం' అన్నారు. చివరికి సాహెబే మైకు ముందు నెమ్మదిగా అడిగాడు.

"అయ్యా, ఇంక నోరు మూసుకోవచ్చునా?"

మూసుకున్నాడు. ఆ మూసుకోవడంలో కింది పన్ను ఒకటి ఊడి, నాలుక మీద నుంచి జారి, బల్ల మీద ఠక్కున పడింది. మైకు దగ్గరే ఉండటంతో ఆ చప్పుడు వీధి చివరి దాకా వినిపించింది. సాహెబ్ ఆ పన్ను కోసం చేయి చాచాడు. పరాంకుశం గారి చేయి ముందే దాన్ని అందుకుంది.

"ఇది ఆయన పన్నండీ!" మృణాళిని అరిచేసింది. అంతమంది ముందు తను అంత గట్టిగా అరవగలనని ఆమెకే తెలియదు.

"పన్ను పట్టాదారుదే. కాదనడం లేదు. దాని మీద ఉన్న గార ప్రభుత్వానిది. రెంటినీ విడదీయడానికి మీకు అనుమతి లేదు. కాబట్టి రెండూ మా దగ్గరే ఉంటాయి," అని పరాంకుశం గారు పన్నును కవర్లో వేసి, లక్క పోసి, సాక్షి సంతకం ఏసుపాదం చేత పెట్టించుకున్నారు.

తర్వాత పన్ను జొన్నరొట్టె తింటుంటే పోయింది. దాని తర్వాతిది సాధన చేస్తుంటే పీకతో పాటే వచ్చేసింది. నాలుగోది ఏ కారణమూ లేకుండానే, మిగతావాటి మీద బెంగ పెట్టుకున్నట్టు పోయింది. సాహెబ్ చట్టానికి కట్టుబడే మనిషి. ఊడిన ప్రతిసారీ పన్నును రుమాల్లో చుట్టుకుని స్వయంగా శాఖ ఆఫీసుకు పట్టుకెళ్ళి అప్పజెప్పాడు. అక్కడ వాళ్ళు కూడా ఎంతో మర్యాదగా కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, రసీదు ఇచ్చి పంపారు.

నవమి వచ్చింది. సాహెబ్ పట్టుపంచె కట్టుకుని, ఎప్పుడూ కూర్చునే చోటే చాప మీద కూర్చున్నాడు. పంతులు గారు మంగళసూత్రం చేతిలోకి తీసుకుని ఆయన వైపు చూశాడు. సాహెబ్ పీకను పెదాల మధ్య పెట్టి ఊదాడు. గాలి వచ్చింది. మళ్ళీ ఊదాడు. పెదవి లోపలికి మడత పడిపోయి గాలే వచ్చింది. పంతులు గారి చేయి అలాగే ఆగి ఉంది. డోలు ఒక్కటే ఎంతసేపని మోగుతుంది? చివరికి మైకు సెట్టు వాడు తన ఫోన్లో ఏదో సన్నాయి రికార్డు వెతికి పెట్టాడు. అందులో మధ్యలో ఒక ప్రకటన కూడా వచ్చింది. సాహెబ్ నాదస్వరాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఆ రికార్డుకే చేత్తో తాళం వేస్తూ కూర్చున్నాడు.

మృణాళిని గుడి గుమ్మం దాకా వెళ్ళి, సాహెబ్ వేస్తున్న ఆ తాళం చూసి, లోపలికి అడుగు పెట్టలేక తిరిగి వచ్చేసింది. తన చదువు మీద, తన నిజాల మీద, తన నాయనమ్మ మాట మీద కూడా ఆమెకు ఆ రోజు అసహ్యం వేసింది.

రెండు రోజులకు పర్మిట్ వచ్చింది. 'షేక్ జాన్‌పీరా సాహెబ్ గారి కింది ముందుపళ్ళు నాలుగింటిపై గార తొలగించుటకు ఇందుమూలముగా అనుమతించడమైనది. నిర్వాసితులకు పై దవడ యందు ప్రత్యామ్నాయ నివాసం కేటాయించడమైనది. దరఖాస్తుదారు ఇకపై ఏ దిక్కుకైనను చూడవచ్చును. వారం రోజులలో పని పూర్తి చేసి నివేదిక సమర్పించనిచో యంత్రము శాశ్వతముగా స్వాధీనపరచుకొనబడును.'

త్రివిక్రమరావు గారు దాన్ని చదివి చెమట తుడుచుకున్నారు. "ఇప్పుడేం చేస్తావమ్మా? పళ్ళే లేవుగా. నివేదిక ఇవ్వకపోతే యంత్రం పోతుంది. బయట వరండాలో మూడు నెలల జనం కూర్చున్నారు."

మృణాళిని సీలు విప్పించి, యంత్రాన్ని ఏసుపాదం చేత ఆటోలో పెట్టించి, తిన్నగా పరాంకుశం గారి ఆఫీసుకు వెళ్ళింది. పర్మిట్ ఆయన బల్ల మీద పెట్టింది. "అనుమతి ఈ నాలుగు పళ్ళకే కదండీ. అవి మీ బీరువాలో ఉన్నాయి. తీయండి," అంది.

పరాంకుశం గారు పర్మిట్‌ను ఇటు తిప్పి అటు తిప్పి చూశారు. ఎక్కడా పళ్ళు నోట్లో ఉండాలని రాసి లేదు. ఆయన సంతోషంగా నాలుగు కవర్లూ తెప్పించారు.

ఏసుపాదం నీళ్ళు పట్టాడు. మృణాళిని ఒక్కొక్క పన్నునూ వేళ్ళ మధ్య పట్టుకుని, నోట్లో ఉన్న పన్నును శుభ్రం చేసినంత జాగ్రత్తగానే శుభ్రం చేసింది. దస్త్రాల మీద తుంపర్లు పడ్డాయి. నాలుగింటికీ కలిపి ఇరవై నిమిషాలు పట్టింది. రాలిన గారను గుమాస్తా చిటికెడు కూడా పోకుండా ఊడ్చి సీసాలో పోసి మూత పెట్టాడు. ఇరవై ఏళ్ళలో ఆ విభాగానికి దక్కిన మొదటి గార అది. పరాంకుశం గారు సీసాను వెలుతురుకు ఎత్తి చూసి మురిసిపోయారు. దాన్ని పట్టుకుని ఫోటో తీయించుకున్నారు.

"ఇంతకీ ఏమ్మా, ఇరవై నిమిషాల పనికి మూడు నెలలు ఎందుకు ఆలస్యం చేశారు మీరు?" అని అడిగారు.

ఆమె పళ్ళను దూదిలో చుట్టుకుని జాన్‌పీరా సాహెబ్ ఇంటికి వెళ్ళింది. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. దూదిని ఆయన అరచేతిలో పెట్టింది. సాహెబ్ మడత విప్పి, నాలుగు పళ్ళనూ ఎండకు పెట్టి చాలాసేపు చూశాడు. బోసి పెదాల మీదికి నవ్వు వచ్చింది.

"ఇంత తెల్లగా ఉన్నయ్యా డాట్రమ్మా, నా పళ్ళు?" అన్నాడు. "ఎన్నడూ చూసుకోలా."